సింగపూర్ కొత్త కట్టడాల్లో ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి: విశాఖవాసులకు ఎంపిక సలహా

విశాఖ నుంచి నేరుగా విమానం ఎక్కి చేరగలిగే విదేశీ నగరాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాటిలో సింగపూర్ ఒకటి. ప్రయాణం సుమారు నాలుగు గంటలు. ఆ సమయంలో మన రైలు రాజమండ్రి దాటి కాస్త ముందుకు వెళ్తుంది, అంతే. అందుకే ఇక్కడివాళ్ల మొదటి విదేశీ ప్రయాణం తరచుగా అటే సాగుతుంది. ట్రావెల్ ఏజెంటు చేతిలో పెట్టే ప్యాకేజీలో మెర్‌లయన్ బొమ్మ, సెంటోసా దీవి, యూనివర్సల్ స్టూడియోస్ తప్పకుండా ఉంటాయి. కట్టడాలు చూడాలన్న ఆసక్తితో వెళ్లేవారికి ఆ పట్టిక చాలదు. పోనీ సొంతంగా వెతుక్కుందామంటే యాభై పేర్లు కనిపిస్తాయి, అన్నిటి ఫోటోలూ ఒకదాన్ని మించి ఒకటి ఉంటాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఫోటోలో బాగా పడే కట్టడాలు ఒక జాతి, మన ఊరికి పనికొచ్చే కట్టడాలు ఇంకో జాతి. రెండూ ఒకే చోట దొరకడం అరుదు. మీకు ఏది కావాలో తేల్చుకోకుండా బయలుదేరితే మొదటి జాతి దగ్గరే రోజులన్నీ గడిచిపోతాయి.

ముందు కొలమానాలు

అన్నిటికంటే ముఖ్యమైనది: లోపలికి రానిస్తారా? కట్టడాన్ని చూడడమంటే దాని నీడలో నిలబడడం, మెట్లెక్కడం, గాలి ఎటు నుంచి వస్తోందో గమనించడం. రోడ్డు మీద నిలబడి తల పైకెత్తి చూసి వచ్చేయడానికి నాలుగు గంటల విమానం అక్కర్లేదు.

రెండోది వాతావరణం. దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి. సింగపూర్ భూమధ్యరేఖను దాదాపు ఆనుకుని ఉంది. ఏడాది పొడవునా ఎండ, ఉక్కపోత, వాన. విశాఖ సుమారు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడ సూర్యుడు మే రెండో వారంలోనూ, మళ్లీ ఆగస్టు మొదట్లోనూ నడినెత్తి మీదికి వస్తాడు, డిసెంబరులో బాగా దక్షిణానికి వాలతాడు. ఉక్కపోత విషయంలో రెండు ఊళ్లూ దగ్గరి చుట్టాలే. తేడా తుపానులో ఉంది. సింగపూర్‌కు తుపాను భయం లేనట్టే. మనకు 2014 అక్టోబరు 12న గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో హుద్‌హుద్ వచ్చింది. విమానాశ్రయం పైకప్పు చెదిరింది, నగరమంతటా అద్దాల గోడలు రాలిపడ్డాయి. కాబట్టి అక్కడ కనిపించే ప్రతి అందాన్నీ ఇక్కడ యథాతథంగా దించలేం. ఎంతవరకు దించగలం అన్నదే ఈ కొలమానం.

మూడోది ఖర్చు. నాలుగోది నడక, నీడ. అరవై దాటిన అమ్మానాన్నలను వెంట తీసుకెళ్లేవారికి మాత్రం ఈ నాలుగోదే మొదటిది.

| కట్టడం | పూర్తయిన ఏడాది | లోపలికి ప్రవేశం | ఖర్చు | పెద్దవాళ్లకు | విశాఖకు పనికొచ్చేది |
|---|---|---|---|---|---|
| మెరీనా బే శాండ్స్ | 2010 | కింది అంతస్తులు, టికెట్‌తో పైడెక్ | ఎక్కువ | సులువు | తక్కువ |
| గార్డెన్స్ బై ద బే | 2012 | తోట ఉచితం, శీతల గృహాలకు టికెట్ | మధ్యస్థం | సులువు | కొంత |
| ఎస్‌ప్లనేడ్ | 2002 | వసారాలు, లాబీ | ఉచితం | సులువు | బాగా |
| జువెల్ | 2019 | అందరికీ | ఉచితం | చాలా సులువు | తక్కువ |
| పికరింగ్, ఒయేసియా హోటళ్లు | 2013, 2016 | పరిమితం | బయట నుంచి ఉచితం | మధ్యస్థం | చాలా |
| పినకిల్ డక్స్‌టన్ | 2009 | 50వ అంతస్తు | తక్కువ | మధ్యస్థం | బాగా |
| కంపుంగ్ అడ్మిరాల్టీ | 2017 | అందరికీ | ఉచితం | చాలా సులువు | అన్నిటికంటే ఎక్కువ |
| ఇంటర్‌లేస్ | 2013 | నివాసులకే | లేదు | లేదు | కొంత |
| హెండర్సన్ వేవ్స్ వంతెన | 2008 | అందరికీ | ఉచితం | కష్టం | కొంత |

మెరీనా బే శాండ్స్: చూడకుండా రాలేరు, ఎక్కకపోయినా నష్టం లేదు

ఇదొక హోటల్, వాస్తుశిల్పి మోషే సాఫ్డీ రూపకల్పన. 55 అంతస్తుల మూడు టవర్లు, వాటి నెత్తిన ఓడలాంటి తోట. 200 మీటర్ల ఎత్తున అటు చివరి నుంచి ఇటు చివరికి సుమారు 340 మీటర్ల పొడవు. ఒక కొస టవర్లను దాటి అరవై మీటర్లకు పైగా గాల్లోకి చొచ్చుకు వస్తుంది. గాలికి మూడు టవర్లూ వేర్వేరుగా ఊగుతాయి కాబట్టి, పైనున్న ఈతకొలను పగలకుండా దాని కింద కదిలే అతుకులు పెట్టారు. ఇంజనీరింగ్ మనసున్నవాళ్లకు అసలు కథ అక్కడే ఉంది, అది కంటికి కనపడదు.

ఆ కొలనులో దిగే హక్కు హోటల్లో గది తీసుకున్నవారికే. మిగతావారు టికెట్ కొని చూపుడు డెక్ మీదికి వెళ్లవచ్చు. ఇక్కడొక చిన్న మెలిక ఉంది: ఆ డెక్ ఎక్కితే ఊరంతా కనిపిస్తుంది, ఊరిలో అందరూ చూడాలనుకునే ఆ ఒక్క కట్టడం మాత్రం కనపడదు, మీ కాళ్ల కింద ఉంటుంది కదా. డబ్బు మిగుల్చుకుని సాయంత్రం అఖాతానికి అవతలి గట్టు మీద నిలబడండి. శాండ్స్, దాని పక్కనే తామరపువ్వులా విచ్చుకున్న ఆర్ట్‌సైన్స్ మ్యూజియం, మెలితిరిగిన ఉక్కు గొట్టాల హెలిక్స్ వంతెన మూడూ ఒకే చూపులో పడతాయి.

అదే గట్టున ఎస్‌ప్లనేడ్ రంగశాల ఉంది. దాన్ని చాలామంది దాటి వెళ్లిపోతారు. నన్నడిగితే ఆ అఖాతం చుట్టూ ఉన్నవాటిలో విశాఖవాళ్లు ఆగి చూడాల్సింది అదే. సింగపూర్ వాళ్లు దాన్ని దురియన్ పండు అంటారు, మన కంటికి అచ్చంగా పనసకాయ. ఆ ముళ్లు అలంకారం కాదు. లోపల అద్దాల గుమ్మటం, దాని మీద ఏడు వేలకు పైగా అల్యూమినియం త్రికోణపు రెక్కలు. ఎండ ఏ వైపు నుంచి ఎంత పడుతుందో లెక్కగట్టి ఒక్కోచోట ఒక్కో కోణంలో వంచారు. దగ్గరికి వెళ్లి చూస్తే ఒకవైపు రెక్కలు నోరు తెరుచుకుని, ఇంకోవైపు దాదాపు మూసుకుని కనిపిస్తాయి. లోపల నిలబడితే వెలుగు ఉంటుంది, ఎండ ఉండదు. రుషికొండ మీద అద్దం బిగించి, ఆ వేడిని ఏసీలతో తోడిపోసుకునే భవనాల వాళ్లకు ఇది చూపించాలి.

గార్డెన్స్ బై ద బే

సాయంత్రం పూటే వెళ్లండి. 25 నుంచి 50 మీటర్ల ఎత్తున్న పద్దెనిమిది ఉక్కు చెట్లు, వాటి ఒంటినిండా పాకిన నిజం మొక్కలు, రాత్రి ఉచితంగా దీపాల ఆట. పిల్లలున్న ఇంటికి ఇంతకంటే మంచి చోటు లేదు. ఆ చెట్లలో కొన్ని తలల మీద సౌర ఫలకాలు మోస్తాయి, కొన్ని పక్కనున్న శీతల గృహాల (మొక్కలను చల్లగా ఉంచే అద్దాల గదులు) వ్యవస్థకు పొగగొట్టాల పని చేస్తాయి. ఆ అద్దాల శీతల గృహాలకు 2012 ప్రపంచ ఆర్కిటెక్చర్ ఉత్సవంలో ఆ ఏటి మేటి భవనం బహుమతి వచ్చింది. వేడి ఊళ్లో అద్దాల గది కట్టి దాన్ని చల్లగా ఉంచడం గొప్ప విద్యే, ఒప్పుకుంటాను. ఆ విద్య మన ఇంటికి అక్కర్లేదు.

జువెల్

చాంగీ విమానాశ్రయంలో ఒకటో టెర్మినల్‌ను ఆనుకుని ఉంది. ఇదీ సాఫ్డీదే. అద్దాల గుమ్మటం నడిమి నుంచి 40 మీటర్ల జలపాతం, చుట్టూ మెట్లు మెట్లుగా అడవి, ఆ వెనక దుకాణాలు. పెద్దవాళ్లు కూర్చుని చూడవచ్చు, ఎండ లేదు, వాన లేదు, మరుగుదొడ్లు దగ్గర. దీనికోసం ప్రత్యేకంగా పూట కేటాయించవద్దు. వచ్చేటప్పుడో పోయేటప్పుడో ఎలాగూ దారిలోనే ఉంటుంది.

రెండు హోటళ్లు: పికరింగ్, ఒయేసియా

ఇవి రెండూ సింగపూర్‌లోనే పుట్టిన వోహా సంస్థ చేతి పని. బయటి నుంచి వచ్చిన పేరుమోసిన వాస్తుశిల్పులు ఆకారంతో ఆకట్టుకుంటే, ఈ స్థానికులు ఉక్కపోతతో కుస్తీ పట్టారు.

పికరింగ్ వీధిలోని పార్క్‌రాయల్ హోటల్ కింది భాగమంతా పొరలు పొరలుగా వంపు తిరిగిన కాంక్రీటు. కొండ మీద మళ్లు తీసినట్టుంటుంది. ప్రతి నాలుగు అంతస్తులకూ ఒక వేలాడే తోట. మొత్తం పచ్చదనం సుమారు 15,000 చదరపు మీటర్లు, అంటే స్థలానికి రెట్టింపు. గదుల ముందున్న వరండాలు ఒకవైపు తెరిచి ఉంటాయి, వాటికి ఏసీ లేదు. గాలి, మొక్కలు, నీడ కలిసి ఆ పని చేస్తాయి. మన వన్‌టౌన్ పాత ఇళ్ల వీధి వసారా కూడా ఇదే పని చేసేది. దాన్ని పడగొట్టి మనం బాక్సు అపార్ట్‌మెంట్లు కట్టుకున్నాం.

తాంజోంగ్ పగార్‌లోని ఒయేసియా ఇంకా దిట్ట. 27 అంతస్తుల టవర్‌కు అద్దం బదులు ఎర్రటి అల్యూమినియం జాలీ తొడిగారు. దూరానికి ఒకే ఎరుపు. దగ్గరికి వెళ్తే గులాబీ, నారింజ, ముదురు ఎరుపు పట్టీలు విడివిడిగా తెలుస్తాయి. ఆ జాలీని పట్టుకుని 21 రకాల తీగలు పాకుతాయి. ఎక్కడ ఎండ ఎక్కువో అక్కడ ఎండను తట్టుకునే తీగ, నీడ ఉన్నచోట నీడను ఓర్చుకునేది. మధ్యమధ్యలో టవర్ పొట్టను ఖాళీగా వదిలి ఆ ఖాళీల్లో వసారాలు పెట్టారు, గాలి అడ్డంగా దూసుకుపోతుంది. 2018లో ఎత్తైన భవనాల ప్రపంచ మండలి దీనికి ఉత్తమ భవనం అవార్డు ఇచ్చింది.

ఇక్కడ లోపం ప్రవేశమే. హోటల్ కాబట్టి పై వసారాలు అతిథులవి. ఒక రాత్రి గది తీసుకోగలిగితే శాండ్స్‌లో కాకుండా ఈ రెండిట్లో ఒకదానిలో తీసుకోండి, ఖర్చూ తక్కువే అవుతుంది. కుదరకపోతే పికరింగ్‌ను వీధి నుంచి చూసినా చాలా భాగం అందుతుంది. ఒయేసియాను చూడాలంటే ఎదురు కాలిబాట మీదికి వెళ్లాలి.

పినకిల్ డక్స్‌టన్: ప్రభుత్వం కట్టిన యాభై అంతస్తులు

ప్రభుత్వ క్వార్టర్స్ అనగానే మన కళ్ల ముందు పెచ్చులూడిన సున్నం, తుప్పు పట్టిన నీళ్ల పైపులు మెదులుతాయి. సింగపూర్ పౌరుల్లో దాదాపు ఎనభై శాతం ప్రభుత్వ గృహ మండలి కట్టిన ఫ్లాట్లలోనే ఉంటారు. పినకిల్ వాటిలో మేలిమి. ఏడు బ్లాకులు, ఒక్కోటి 50 అంతస్తులు, 1,848 ఇళ్లు. ఏడింటినీ 26, 50 అంతస్తుల దగ్గర ఆకాశ వంతెనలతో కలిపారు, ఒక్కోటి అర కిలోమీటరు పొడవు. 26వ అంతస్తు నివాసులకు. 50వది కొద్దిపాటి రుసుముతో బయటివాళ్లకు, రోజుకు పరిమిత సంఖ్యలో. శాండ్స్ డెక్ టికెట్ డబ్బుల్లో చిన్న వంతుకే అంతకు తీసిపోని దృశ్యం. ఒకవైపు నగరం, దక్షిణాన లంగరు వేసి వరుసగా నిలిచిన ఓడలు. బీచ్ రోడ్డు మీద పెరిగినవాళ్లకు ఆ ఓడల వరుస కొత్త కాదు.

దిగి వచ్చాక కింది అంతస్తు గమనించండి. అక్కడి ప్రభుత్వ ఫ్లాట్లలో నేల అంతస్తును ఖాళీగా వదిలేయడం ఆనవాయితీ. పెళ్లిళ్లు, సంతాప కార్యక్రమాలు, ముసలివాళ్ల చదరంగం, పిల్లల పరుగులు అక్కడే. మన అపార్ట్‌మెంట్లలోనూ కింద ఖాళీ అంతస్తే ఉంటుంది, ఆ ఖాళీ కార్లకు ఇచ్చాం. వినాయక చవితి మూడు రోజులు మాత్రం బయటికి తోస్తాం.

కంపుంగ్ అడ్మిరాల్టీ: నా మొదటి ఓటు

నగర కేంద్రానికి దూరంగా, ఉత్తరాన ఉడ్‌ల్యాండ్స్‌లో, అడ్మిరాల్టీ మెట్రో స్టేషన్ పక్కనే ఉంటుంది. పర్యాటకులు ఇటు రారు. ఇదీ వోహా వారిదే. 2018లో ప్రపంచ ఆర్కిటెక్చర్ ఉత్సవం దీనికి ఆ ఏటి మేటి భవనం బహుమతి ఇచ్చింది. ఫోటోలో చూస్తే అంతగా అనిపించదు, తీరా వెళ్తే కదలబుద్ధి కాదు.

ఒక హెక్టారు కూడా లేని జాగా. అందులో ఇన్నిటిని పక్కపక్కన పెట్టడానికి చోటు లేక ఒకదాని మీద ఒకటి పేర్చారు. అట్టడుగున నలువైపులా తెరిచి ఉన్న పెద్ద వసారా, పైకప్పు ఉంది, గోడలు లేవు. వానలోనూ అక్కడ జనం వ్యాయామం చేస్తారు. దాని మీద సుమారు 900 మంది కూర్చుని తినగలిగే భోజనశాల. ఆ పైన వైద్య కేంద్రం, ఎదురుచూసే రోగులకు కిటికీలోంచి తోట కనిపిస్తుంది. ఇంకా పైన పిల్లల సంరక్షణ కేంద్రం, వృద్ధుల కేంద్రం పక్కపక్కనే. మెట్లు మెట్లుగా దిగే మిద్దె తోట, అందులో కూరగాయల మళ్లు. ఇరుపక్కలా పదకొండు అంతస్తుల వరకు వృద్ధుల కోసం 104 చిన్న ఫ్లాట్లు.

విశాఖలో దీన్ని ఎవరికి చూపించాలో వేరే చెప్పాలా? స్టీల్ ప్లాంటులో, పోర్టులో, షిప్‌యార్డులో రిటైరై, పిల్లలు అమెరికాలోనో హైదరాబాదులోనో స్థిరపడగా, ఎం.వి.పి. కాలనీలో మూడు పడకగదుల ఫ్లాటులో ఇద్దరే మిగిలిన దంపతులు ఎంతమంది లేరు? లిఫ్టు దిగితే కార్లు, గేటు దాటితే ట్రాఫిక్, బీపీ మాత్రలకు ఆటో. ఈ కట్టడంలో అవన్నీ ఒక లిఫ్టు దూరం. మీ అమ్మానాన్నలను వెంట తీసుకెళ్తే కట్టడం గురించి ఏమీ చెప్పకుండా ఆ భోజనశాలలో ఒక కాఫీ ఇప్పించి కూర్చోబెట్టండి.

తుపాను కొలమానంలో కూడా ఇది నెగ్గుతుంది. ఇందులోని తెలివి వేలాడే మొక్కల్లో లేదు, అమరికలో ఉంది. అమరికను గాలి ఎత్తుకుపోదు.

మిగిలినవి, క్లుప్తంగా

ఇంటర్‌లేస్ అందమైన ఊరింపు. ఆరేసి అంతస్తుల 31 బ్లాకులను షట్కోణాలుగా ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా పేర్చినట్టుండే నివాస సముదాయం. 2015 మేటి భవనం బహుమతి దీనిదే. అయితే ప్రైవేటు సముదాయం, గేటు దగ్గరే ఆపేస్తారు. తెలిసినవాళ్లు అక్కడ ఉంటే సరే, లేకపోతే రోడ్డు మీద నుంచి సగమే అర్థమవుతుంది. హెండర్సన్ వేవ్స్ రెండు కొండలను కలిపే పాదచారుల వంతెన, రోడ్డుకు 36 మీటర్ల పైన అలలా లేచి పడుతుంది, వంపు తిరిగిన ఉక్కు పక్కటెముకల మధ్య కూర్చునే గూళ్లు. కైలాసగిరి మీద కాసేపు గడిపే అలవాటున్నవారికి నచ్చుతుంది, మోకాళ్ల నొప్పులవారికి కాదు. నగరం నడిబొడ్డున 280 మీటర్ల కాపిటాస్ప్రింగ్ టవర్ నెత్తిన ఉచిత తోట ఉంది. పనిదినాల్లో కొన్ని గంటలే తెరుస్తారు కాబట్టి ముందు వేళలు చూసుకోండి.

మరి మీరు ఏది ఎంచుకోవాలి?

అమ్మానాన్నలు, పిల్లలు కలిసి వెళ్తుంటే: మొదటి సాయంత్రం గార్డెన్స్, మర్నాడు పొద్దున్న అడ్మిరాల్టీ, తిరుగు రోజున జువెల్. హెండర్సన్, ఒయేసియా వదిలేయండి. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు ఎవరినీ బయట తిప్పవద్దు. విశాఖ ఎండకు అలవాటుపడ్డాం కదా అన్న ధీమా అక్కడ పనికిరాదు, సాయంత్రమైతే మనకు వీచే సముద్రపు గాలి ఆ టవర్ల మధ్య అంతగా తగలదు.

ఆంధ్రా యూనివర్సిటీలోనో గీతంలోనో ఆర్కిటెక్చర్ చదువుతున్నవారైతే: శాండ్స్‌కు ఒక్క సాయంత్రం చాలు. ఎస్‌ప్లనేడ్, పికరింగ్, ఒయేసియా, పినకిల్, అడ్మిరాల్టీలను ఇదే వరుసలో చూడండి. మొదటిది అద్దానికి గొడుగు పడుతుంది, మధ్యవి గోడనే గొడుగుగా మారుస్తాయి, చివరివి గోడ సంగతి పక్కన పెట్టి మనుషులు ఎక్కడ కూర్చోవాలో ఆలోచిస్తాయి. స్కెచ్ పుస్తకంలో భవనం ముందు వైపు బొమ్మ కంటే నిలువుకోత (భవనాన్ని నిలువునా కోసినట్టు లోపలి అమరిక చూపే బొమ్మ) గీయండి, ఈ కట్టడాల గుట్టు అందులో ఉంది. ఒకటి గుర్తుంచుకోవాలి: అక్కడ ఈ పచ్చదనం బిల్డర్ల ఉదారత వల్ల రాలేదు. తీసుకున్న జాగాకు బదులుగా భవనం మీద పచ్చదనం పెంచాలన్న ప్రభుత్వ పథకం 2009 నుంచి అమల్లో ఉంది.

ఇల్లో అపార్ట్‌మెంటో కట్టబోయేవారైతే: ఇక్కడ జాగ్రత్త కావాలి. మన తీరం తూర్పు, ఆగ్నేయాలకు తిరిగి ఉంది. సముద్రం కనిపించే గది కావాలంటే పొద్దుటి ఎండ కూడా వెంట వస్తుంది. అద్దం వెనక కర్టెన్ కడితే వేడి అప్పటికే లోపలికి వచ్చేసి ఉంటుంది. ఎస్‌ప్లనేడ్ చేసినట్టు నీడ అద్దానికి బయట ఉండాలి. ఒయేసియా జాలీ ఆలోచన తీసుకోండి, ఇనుముతో మాత్రం చేయించకండి. లాసన్స్ బే కాలనీలో ఏ బాల్కనీ గ్రిల్లునైనా చూడండి, కమ్మీ గట్టులోకి దిగే చోట పెయింటు ఉబ్బి, గోడ మీద గోధుమరంగు చార కారుతుంటుంది. ఉప్పుగాలికి యానొడైజ్ చేసిన (పైన రక్షణ పొర ఏర్పరచిన) అల్యూమినియం, టెర్రకోట జాలీ, కాంక్రీటు జాలీ మేలు. జాలీ బిగింపులను తుపాను గాలికి లెక్కకట్టమని స్ట్రక్చరల్ ఇంజనీరును అడగండి. పెద్ద అద్దం తప్పనిసరైతే ల్యామినేటెడ్ వాడండి, పగిలినా మధ్యలోని పొర ముక్కలను పట్టి ఉంచుతుంది. వేలాడే తోటల మోజు మాత్రం వద్దు. తొట్టె బరువు, నీటి ఊట, ఏటా పెట్టాల్సిన నిర్వహణ ఖర్చు, తుపాను ముందు దించాల్సిన కుండీలు అన్నీ లెక్కేసుకుంటే వరండాను అడుగున్నర లోతు పెంచుకోవడమే చవక.

టికెట్ల సంగతి. వాన, పిడుగుల హెచ్చరిక వస్తే గార్డెన్స్‌లో ఉక్కు చెట్ల మధ్య వేసిన ఎత్తైన నడకదారిని మూసేస్తారు. నవంబరు నుంచి జనవరి దాకా అక్కడ వానలు ఎక్కువ. ఆ నెలల్లో వెళ్తే ఎత్తుల టికెట్లు ఇంటి దగ్గరే కొనకండి, ఆ పూట ఆకాశం చూసి కొనండి. జువెల్, సింగపూర్‌లో దిగి ఇమిగ్రేషన్ దాటి బయటికి వచ్చాక ఉంటుంది. తిరుగు ప్రయాణంలో ఇమిగ్రేషన్ తనిఖీకి వెళ్లకముందే చూసేయాలి, అందుకు రెండు గంటలు ముందుగా విమానాశ్రయం చేరండి.